రెండు కుట్ల చొక్కా

తొలకరి పడిన మర్నాడు, సోమవారం పొద్దున్నే ముద్రగారు బీరువా తలుపుకి లోపలివైపు అంటించిన కాగితం ముందు నిలబడి, నోటికొచ్చిన పాఠమే మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. "ఎండల్లో మీగడ రంగు, ఒంటికి చల్లగా ఉంటుంది. వానల్లో బూడిద రంగు, బురద చిందినా తెలియదు. చలికి కాఫీ రంగు, వెచ్చగా ఉంటుంది. ఏ ప్యాంటు మీద ఏది వేసుకున్నా గొడవ లేదు. మీరు మాత్రం సొంత తెలివి వాడకండి." రాసింది ఆయన భార్య. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. కాగితం మాత్రం ఏ కాలానికా కాలం ఆయన్ని బుద్ధిగా నడిపిస్తోంది.

ముద్రగారు అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా తేదీ ముద్ర కొట్టడం ఆయన ఉద్యోగం. ఆయనకొక రహస్యం ఉంది. కొన్ని రంగులు ఆయన కళ్ళకి ఆనవు. ఎరుపూ పచ్చా ఒకటే, గులాబీ బూడిదా ఒకటే. పెళ్ళయిన వారానికే ఆవిడ ఆ సంగతి కనిపెట్టేసింది. మూడో మనిషికి తెలియనివ్వకుండా చొక్కాల కాలరు లోపల తెల్లదారంతో గుర్తులు కుట్టింది. ఎండలకి ఒక కుట్టు, వానలకి రెండు, చలికి మూడు. వేలితో తడిమి చూసుకుని తొడుక్కోవడమే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, రెండు కుట్ల చొక్కాల్లో ఆఖరిది కూడా మెడ దగ్గర చిరిగిపోయింది. ఆదివారం ఆయన జీవితంలో మొదటిసారి ఒంటరిగా బట్టల కొట్టుకి వెళ్ళాడు. యాభై ఆరేళ్ళ మనిషి కొట్టువాణ్ణి పట్టుకుని "బాబూ, ఇదేం రంగు?" అని ఎలా అడుగుతాడు? అడగలేదు. చూడగానే నచ్చిన బూడిద రంగు చొక్కా ఒకటి తీసుకుని, ఇంటికొచ్చి, వేళ్ళు పొడుచుకుంటూ రెండు వంకర కుట్లు వేసుకున్నాడు. మీ దగ్గర నాకు దాపరికం ఎందుకు? అది గులాబీ రంగు. అందులోనూ వీధి చివర్నుంచి కేకేసి పిలిచే గులాబీ.

దాన్ని తొడుక్కుని బయల్దేరాడు. వెళ్ళడం, ముద్రలు కొట్టడం, తన బల్ల దగ్గరే ఒక్కడూ కూర్చుని డబ్బా ఖాళీ చెయ్యడం, తిరిగి రావడం. అదీ ఆనాటి కార్యక్రమం. రోజు మొత్తం మీద ఆయన మాట్లాడే మాటలు పదికి మించవు. అందులో ఆరు బస్సు కండక్టరుతోనే అయిపోతాయి.

ఆఫీసు మెట్లెక్కుతుంటే టైపిస్టు మేడమ్ ఎదురైంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఏవండోయ్ ముద్రగారూ! ఎంత బావున్నారండీ ఇవాళ! ఎవరి సెలక్షనేంటి?"

తనని ఒకరు ప్రశ్న అడిగేసరికి ఆయన గాభరా పడ్డాడు. "ఆవిడేనండీ. వానాకాలం కదా, ఈ రంగే వేసుకోమంది."

"ఆవిడే!" అంది టైపిస్టు మేడమ్, ముక్కున వేలేసుకుని.

ముద్రగారి భార్య పోయిందని ఆఫీసంతటికీ తెలుసు. అప్పుడు ఇంటికొచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్ళినవాళ్ళే. మరి ఇప్పుడు చొక్కాల రంగులు చెప్పే ఆవిడ ఎవరు? పదకొండు కొట్టేలోపు సంగతి మూడు గదుల్లోనూ గుప్పుమంది. పన్నెండుకి సూపరింటెండెంటుగారు పిలిపించి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించాడు.

"కూర్చోవయ్యా. విన్నాను. మాకు చెప్తే ఆపేస్తామా ఏంటి?"

"ఇందులో చెప్పడానికేముందండీ? ఆవిడ మాట వినడం నాకలవాటే."

"అదే మంచిది. ఒక్కడివే ఎన్నాళ్ళుంటావు?"

"కష్టంగానే ఉందండీ," అన్నాడు ముద్రగారు. నాలుగేళ్ళుగా ఎవరైనా అడిగితే చెబుదామని దాచుకున్న మాట అది. అంత సులువుగా బయటికొస్తుందని ఆయన అనుకోలేదు.

మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీసేసరికి బల్ల చుట్టూ అయిదు కుర్చీలు వచ్చి పడ్డాయి. ఆయనకి ఏం జరుగుతోందో అంతు పట్టలేదు. అయితే అడిగి చెడగొట్టుకోదలచుకోలేదు.

"ఆవిడ బాగా మాట్లాడతారా?" అకౌంటెంటు మొదలెట్టాడు.

"మాట్లాడకుండా ఉండలేదండీ. నేను స్నానం చేస్తుంటే తలుపవతల నిలబడి మరీ మాట్లాడుతుంది."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వ్యవహారం స్నానాల దాకా వచ్చిందన్నమాట!

"కోపం ఉందా?"

"ఉప్పెక్కువైందని అని చూడండి, రెండ్రోజులు ఉప్పే వెయ్యదు."

అయిదుగురూ పగలబడి నవ్వారు. ముద్రగారూ నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. ఆవిడ గురించి మనసులో ఆయన ఎప్పుడూ అలాగే, ఇంట్లోనే ఉన్నట్టే అనుకుంటాడు. పైకి అలాగే వచ్చేసింది. "ఒకసారి ఏమైందంటే, గొడుగు పోయిందని ఊరంతా వెతికిస్తోంది..." అని అందుకున్నాడు. ఇంతలో గంట కొట్టారు.

నాలుగింటికి అందరూ మళ్ళీ ఆయన బల్ల చుట్టూ చేరారు. రంగు కాగితం చుట్టిన పెట్టెలోంచి రెండు పింగాణీ కప్పులు తీసి ముందు పెట్టారు. సూపరింటెండెంటుగారు జేబులోంచి చీటీ తీసి, "మన ముద్రగారు ఈ వయసులో మళ్ళీ..." అని గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు దడాలుమంది.

వచ్చింది ముద్రగారి బావమరిది. టైపిస్టు మేడమ్ తన పిన్నికి ఫోన్లో చెప్పింది, పిన్ని పక్కింటాయనకి చెప్పింది, ఆ పక్కింటాయన ఈయనే.

"బావా! చేసుకుంటే చేసుకో, నేనడ్డం రాను. అక్కకి తమ్ముణ్ణి కదా, నాకొక్క మాట చెప్పొద్దా? పైగా పెళ్ళికొడుకులా ఆ గులాబీ చొక్కా ఒకటి!"

"గులాబీయా?" అన్నాడు ముద్రగారు. కంగారుగా కాలరు లోపల వేలు పెట్టి తడుముకున్నాడు. "రెండు కుట్లున్నాయే!"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకి మాత్రం అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి, మెట్ల మీది పలకరింపు దగ్గర్నుంచి కప్పుల దాకా. ఇక దాచి లాభం లేదని కళ్ళ సంగతి, కాగితం సంగతి, కుట్ల సంగతి తల వంచుకుని చెప్పేశాడు.

"అక్క నాక్కూడా చెప్పలేదు బావా," అంటూ బావమరిది కుర్చీలో కూలబడ్డాడు.

"మరి పొద్దుట్నుంచీ మీరు చెబుతున్న ఆవిడ..." అంది టైపిస్టు మేడమ్.

"ఇంకెవరండీ? నాకున్నది ఒక్కావిడేగా."

సూపరింటెండెంటుగారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే ఫైళ్ళు గుర్తొచ్చినట్టు జారుకున్నారు. బల్ల మీద కప్పులు రెండూ మిగిలాయి.

ఆ సాయంత్రమే బావమరిది దగ్గరుండి అసలైన బూడిద రంగు చొక్కా కొనిపెట్టాడు. మంగళవారం ముద్రగారు అది వేసుకెళ్ళాడు. టైపిస్టు మేడమ్ సిగ్గుతో తలెత్తకుండా ఉత్తరాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆయన గది ముందు నుంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోయారు. మధ్యాహ్నం ఒక్కడే డబ్బా తెరిచి, సగం తిని మూసేశాడు. ఒంటరితనం ఆయనకి కొత్తేం కాదు. కానీ సోమవారం అంతమందితో కలిసి తిన్నాక, మంగళవారం ముద్ద గొంతు దిగలేదు.

బుధవారం పొద్దున బీరువా తెరిచి, కాలర్లు తడిమి, కుట్లు వంకరగా ఉన్న చొక్కా ఏరి తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం టైపిస్టు మేడమ్ గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడి, చివరికి లోపలికొచ్చి గొంతు తగ్గించి అంది. "ఏమనుకోకండి ముద్రగారూ. ఇవాళ కూడా పొరపాటున ఆ గులాబీదే వేసుకొచ్చారు."

"తెలుసండీ," అన్నాడాయన. సొరుగులోంచి కప్పులు రెండూ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ ఇటు లాగాడు. "కూర్చోండి. గొడుగు సంగతి మొన్న సగంలో ఆగిపోయింది."

ఆమె కూర్చుంది. గొడుగు దొరికేసరికి అకౌంటెంటు కూడా తన కుర్చీ మోసుకుంటూ వచ్చాడు.

ఇంటికెళ్ళాక ముద్రగారు సూదీ దారం తీసి, గులాబీ చొక్కా కాలరుకి మరో రెండు కుట్లు వేశాడు. ఆ తర్వాత బీరువా కాగితం అడుగున, ఆవిడ అక్షరాల కింద, "నాలుగు కుట్లు: ఎవరైనా పలకరిస్తే బావుండుననిపించిన రోజున" అని రాశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన సొంత తెలివి అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.