అబూ టర్బో కాఫీ కూజా

బిదియ్యాలో మేకల పాక లేని ఇల్లు ఎక్కడైనా ఉండొచ్చు గాని, మేకల పాకలో జీపు కాపురం ఉంటున్న ఇల్లు మాత్రం ముహన్నాది ఒక్కటే.

ఊరు ఇసుక దిబ్బల అంచున ఉంది. శుక్రవారం నమాజు, భోజనం అయ్యాక మగవాళ్ళంతా బళ్ళు తీసుకుని పెద్ద దిబ్బ ఎక్కడానికి పోతారు. ఎక్కినవాడు వారమంతా మాట్లాడతాడు. ఎక్కలేనివాడు వారమంతా వింటాడు. విని విని విసిగిన ముహన్నా ఒక పాత జీపు కొని, ఎక్కడెక్కడి సామానో తెచ్చి, దానికి ఇంజను జోరు పెంచే టర్బో సొంతంగా బిగించాడు. ఊరు అతనికి అబూ టర్బో అని పేరు పెట్టింది. టర్బోకి తండ్రి అని అర్థం. పిల్లలు పుట్టకముందే అతనికి పితృత్వం వచ్చేసింది.

ఇంటి మొత్తానికీ నీడ ఉన్నది పాకలోనే. అందుకని జీపును అందులో పెట్టి, భార్య రయ్యా పెంచుకునే మేకలను ఆమె మేనమామ మర్హూన్ ఇంటికి తోలించాడు. కొద్ది రోజులే అన్నాడు. ఆ కొద్ది రోజుల్లో మేకలు అక్కడే ఈనాయి.

జీపు ఇంటి ముందు సింహంలా గర్జించేది. దిబ్బ సగం ఎక్కేసరికి దగ్గి, ఎక్కిళ్ళు పెట్టి, ప్రాణం వదిలేది. ఇంజనుకు పెట్రోల్ అందడం లేదని ముహన్నాకు తెలిసింది. ఎందుకు అందడం లేదో తెలియలేదు. ఫిల్టర్ మార్చాడు. పంపు మార్చాడు. గొట్టాలు నోటితో ఊదాడు. ఆ రోజంతా పెట్రోల్ తేన్పులు తేన్చుతుంటే రయ్యా అతన్ని పొయ్యి దరిదాపులకు రానివ్వలేదు.

బరువేమోనని వెనక సీట్లు పీకేశాడు. అదనపు టైరు దించేశాడు. ట్యాంకులో పెట్రోల్ అయితే బరువని మొదటినుంచీ అడుగు తడిసేంతే పోసేవాడు. జీపు ఈకలా తేలికైంది. అయినా సగంలోనే ఆగింది.

ఈ శుక్రవారం దిబ్బ ఎక్కకపోతే జీపు పాత సామాన్ల వాడికి, పాక మేకలకు అని రయ్యా తేల్చి చెప్పింది. ఆమె అరిచి ఉంటే అతను భయపడేవాడు కాదు. ఖర్జూరాల గింజలు తీస్తూ మామూలుగా చెప్పింది.

గురువారం ఆమె పక్కింటికి వెళ్ళగానే ముహన్నా పంపుకు పరీక్ష పెట్టాలనుకున్నాడు. గొట్టం ఊడదీసి, పెట్రోల్ ఎంత జోరుగా వస్తోందో ఏదైనా పాత్రలో పట్టి చూడాలి. చేతికి అందినది రయ్యా తల్లి ఇచ్చిన పొడుగు ముక్కు ఇత్తడి కాఫీ కూజా. క్షణంలో నిండిపోయింది. అంటే పంపు బాగానే ఉంది. అది బాగుండడమే అతని బాధ.

కూజాను నిమ్మకాయతో తోమాడు. బూడిదతో తోమాడు. ఇసుకతోనూ తోమాడు. అది పెళ్ళికూతురిలా మెరిసింది, మెకానిక్‌లా వాసన కొట్టింది. రయ్యా గమనించకుండా ఉంటే బాగుండునని మొక్కుకుని గూట్లో పెట్టేశాడు.

సాయంత్రం మర్హూన్ మామయ్య వచ్చాడు. రయ్యా ఖర్జూరాలు పెట్టి, మెరిసే కూజాలోంచి చిన్న కప్పులోకి కాఫీ వంచింది. ముహన్నా గుండె కూడా దానితోపాటు వంగింది. మామయ్య కప్పు అందుకున్నాడు. పెదవి తాకించకుండా చాప మీద పెట్టేశాడు.

వాసన తెలిసిపోయిందనుకున్నాడు ముహన్నా.

"మామయ్యా, అది తాగొద్దు. మీకేం కావాలో చెప్పండి, ఇచ్చేస్తాను. అది మాత్రం తాగొద్దు."

పెద్దాయన తెల్లబోయాడు. "ఇస్తానంటావు, తాగొద్దంటావు. ఇదేం మర్యాద అల్లుడూ? ఇచ్చేవాడు తాగమనాలి కదా?"

అప్పుడు వెలిగింది. అతిథి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని. ఇంటాయన 'తాగండి, మీ కోరిక తీరినట్టే' అంటేనే ఆ కప్పు లేస్తుంది. ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. పెట్రోల్ తాగిన ముహన్నాకు గుర్తు రాలేదు.

ఇంతలో రయ్యా నెమ్మదిగా అంది. "తాగు మామయ్యా. ఇది మనదానిలాగే ఉన్న పక్కింటివాళ్ళ కూజా. మనది బయట గాలికి ఆరుతోంది, దగ్గర నిప్పు వెలిగించకు."

మామయ్య హాయిగా తాగాడు. కప్పు అటూ ఇటూ ఊపి చాలని చెప్పి, అప్పుడు అడిగాడు. తన కూరమళ్ళన్నీ మేసేసిన మేకలు రేపే పాకలోకి రావాలి. ఇక జీపు తాళం రయ్యా దగ్గరుండాలి. ఇచ్చేశానన్న మాట నోటినుంచి వచ్చేసింది కాబట్టి ముహన్నా తలాడించాడు.

శుక్రవారం రయ్యా స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆమె దిబ్బల మధ్య పెరిగిన పిల్ల. నడక తరవాత నేర్చింది బండి తోలడమే. దారిలో ట్యాంకు గొంతుదాకా పెట్రోల్ పోయించింది. బరువు, బరువు అని ముహన్నా పక్కన గొణుగుతూనే ఉన్నాడు.

జీపు దగ్గలేదు. ఎక్కిళ్ళు పెట్టలేదు. ఊరంతా చూస్తుండగా దిబ్బ నెత్తికెక్కి కూర్చుంది.

"ఏం చేశావు దీన్ని?" ముహన్నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏం చెయ్యలేదు. కూజాలో అడుగున కాస్తే కాఫీ ఉంది. కూజా ముక్కు పైకెత్తి వెనక్కి వాల్చారనుకోండి, కాఫీ ఎటు పోతుంది?"

"వెనక్కి."

"ముక్కులోకి ఏమొస్తుంది?"

"గాలి."

"మీ జీపు ఇన్నాళ్ళూ గాలి తాగింది."

ముహన్నా ఇసుక వైపు చూశాడు. ట్యాంకులో అడుగున ఉన్న కాస్తా ఏటవాలులో వెనక గోడకు చేరితే, ముందువైపున్న పంపు మాత్రం ఏం పీలుస్తుంది? "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మేకలు వెళ్ళిన వారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే పాక ఎవరిస్తారు?"

ఇప్పుడు మేకలు పాకలో ఉన్నాయి. జీపు ఎండలో ఉంటుంది, వాటికి గడ్డి మోస్తుంది. శుక్రవారాల్లో రయ్యా దిబ్బ ఎక్కి వచ్చి వారమంతా మాట్లాడుతుంది. ముహన్నా వింటాడు.

మొన్న ఒక సాయంత్రం అతనికో ఉపాయం తట్టింది. ఆమె పోసిన కాఫీ తాగకుండా, కప్పు మెల్లగా చాప మీద పెట్టాడు. తాళం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

రయ్యా కూజా మూత సర్దింది.

"ఏమండీ, పెట్రోల్ వాసన వస్తోందా?"

ముహన్నా కప్పు తీసుకుని తాగేశాడు.