మాయమైన మూడో జడ్జి

"లక్సెట్టిపేటల నేరం చేసేటోడు ఇంకా పుట్టలే! పుట్టినా, డిటెక్టివ్ డేవిడ్ ఉన్నడని తెలిస్తే మల్ల అవ్వ కడుపులకే పోతడు!"

కోర్టు ముందరి చాయ్ బండి దగ్గర డేవిడ్ ఇలా ప్రకటించేసరికి చెల్లెలు ప్రిస్కిల్లా తల పట్టుకుంది. వాళ్ల ఇంట్లో నల్లకోటు తొడిగిన మొదటి మనిషి ఆమె. అన్న ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే: చర్చి ముందర పోయిన చెప్పులు. అవి ఆయన కాళ్లకే దొరికాయి.

"జర ఊకోయే అన్నా, ఈమె ముందే పరేషాన్ల ఉన్నది."

ఈమె అంటే లతీఫున్నీసా. బస్టాండు దగ్గర ఆమె నడిపే గాజుల దుకాణాన్ని ఖాళీ చేయించాలని యజమాని దావా వేశాడు.

"దుకాణం పోతే ఏడ కూసోవాలె బేటీ?"

యజమాని ముందుగా నోటీసు ఇవ్వలేదు. నోటీసు లేని దావా చెల్లదన్న హైకోర్టు తీర్పు ప్రిస్కిల్లా చేతిలో ఉంది. నోటీసు లేకున్నా చెల్లుతుందన్న అదే హైకోర్టు ఇంకో తీర్పు అవతలి వకీలు శ్యాంసుందర్ చేతిలో ఉంది. ఏది పాటించినా పై కోర్టు మాట కాదన్నట్టే గనక జడ్జిగారు నడిమి దారి పట్టారు. దాని పేరు వాయిదా.

"ఒక్క నోరు రెండు మాటలంటదా చెల్లె? అండ్ల ఒకటి దొంగ తీర్పు! అంతర్జాతీయ ముఠా పని!"

"ముఠా లేదు, గిఠా లేదు. నువ్వు ఇంటికి పో."

డేవిడ్ ఇంటికి పోలేదు. ప్రిస్కిల్లా పనిచేసే సీనియర్ వకీలు ఆఫీసులో దూరి ఆ రెండు తీర్పుల పుస్తకాలూ పట్టుకున్నాడు. వాసన చూశాడు, భూతద్దం పెట్టాడు. వకీళ్లయితే పనికొచ్చే పేరా కింద గీత గీసి ఆ పేజీ ఒక్కటే జిరాక్సు తీయిస్తారు. తతిమ్మాది చదవడం అక్కడి ఆనవాయితీ కాదు. డేవిడ్ మాత్రం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఇంగ్లీషు కొరుకుడు పడక అక్కడే ఆగిపోయాడు కూడా.

వాయిదా నాడు కోర్టులో శ్యాంసుందర్ గొంతు సవరించుకున్నాడు. "మాది కొత్త తీర్పు సార్. కొత్తది వచ్చినంక పాతదాని పని అయిపోయినట్టే."

"ముందుగల్ల చెప్పిందే చెల్లాలె సార్," అంది ప్రిస్కిల్లా.

జడ్జిగారి చూపు క్యాలెండరు మీదికి పోయింది. లతీఫున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగుండ్రి! నేరం బయటపడ్డది!"

వెనుక బెంచీ మీద డేవిడ్ రెండు పుస్తకాలూ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "పాతదాని మీద ముగ్గురు జడ్జీల పేర్లున్నయి సార్, కొత్తదాని మీద ఇద్దరే! మూడో ఆయనను ఎవడు మాయం చేసిండు?"

"ఈయనను బయటికి..." అని చెయ్యెత్తిన జడ్జిగారు సగంలో ఆగారు. "ముగ్గురా? ఇటు తెండి."

రెండు పుస్తకాలూ తిరగేసి శ్యాంసుందర్‌ను చూశారు. "మీరు చూసుకోలేదా?"

"మా జిరాక్సుల గా పేజీ రాలే సార్."

జడ్జిగారు ప్రిస్కిల్లా వైపు చూశారు. ప్రిస్కిల్లా నేల వైపు చూసింది.

"కొత్తదా పాతదా అన్నది కాదు లెక్క. ముగ్గురు కూర్చుని చెప్పిన మాటను ఇద్దరు కాదనలేరు. దావా కొట్టేస్తున్నాను."

బయట లతీఫున్నీసా డేవిడ్ చేతులు పట్టుకుంది. "నువ్వు దేవుడు పంపిన ఫరిష్తావి బిడ్డా!"

"సంబురం తర్వాత అమ్మీ. ఆ మూడో జడ్జి ఇంకా దొరకలే," అన్నాడు డేవిడ్ దిగులుగా.

తెల్లారి శ్యాంసుందర్ అటూ ఇటూ చూసి ఒక కాగితాల కట్ట డేవిడ్ ఒడిలో పెట్టాడు. "తమ్మీ, మా కేసుల తీర్పులయి గూడ మొదటి పేజీలు జర చూడరాదు?"

ఆయన వెనుక ఇంకో నలుగురు వకీళ్లు కట్టలతో నిలబడ్డారు.

డేవిడ్ చెల్లెలి చెవిలో గుసగుసలాడాడు. "చూసినవా? శానమంది జడ్జీలే పోయినట్టున్నరు!"