ఎక్కడికైనా పోగల బండిని మోసుకుపోవడం ఎలా?

మనిషి కనిపెట్టిన వాహనాలన్నిటిలోకీ ఉత్తమమైనది ఏది? విమానమా? రైలా? కానే కాదు. తాను అడుగు కదపకుండా ఇంకో వాహనం నెత్తికెక్కి ఊరేగే వాహనమే ఉత్తమోత్తమం! ఈ మాట ఆరు వారాల అనుభవంతో, అరవై పేజీల మినిట్స్ బుక్కు సాక్షిగా చెబుతున్నాను.

నవ్వకండి. ఆల్ టెరైన్ వెహికల్ అని ఒకటుంది. ముద్దుగా ఏటీవీ అంటారు. మోటార్ సైకిల్‌కి నాలుగు లావుపాటి చక్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రాళ్ళెక్కుతుంది, బురదలో దూసుకుపోతుంది, ఇసుకలో పరుగెడుతుంది, వాగు దాటుతుంది. అది పోకూడని చోటు ఈ భూమ్మీద ఒకే ఒక్కటి. రోడ్డు! రోడ్డు మీదికి తేవడానికి దానికి అనుమతి లేదు. కాబట్టి ఎక్కడికైనా పోగల ఆ బండిని ఎక్కడికి తీసుకుపోవాలన్నా దానికో పికప్ ట్రక్కు కావాలి.

చాదస్తులు దీన్ని లోపమంటారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని పెద్దలు ఊరికే బెంగపడ్డారు. ఇప్పుడు పల్లకీ కూడా పల్లకీ ఎక్కుతోంది! ఇంతకన్నా అభివృద్ధి ఏముంటుంది?

మా కుటుంబంలో ఈ అభివృద్ధికి మూలపురుషుడు మా బావ, అంటే మా అక్క మొగుడు. బాత్రూమ్ టైల్స్ అమ్మే షోరూమ్ ఆయనది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నున్నటి నేల మీద నడిచే మనిషికి ఎగుడుదిగుళ్ళ మీద మనసవడం సహజమే కదా? ఒకేసారి రెండు ఏటీవీలు కొన్నాడు.

"రెండెందుకండీ?" అంది మా అక్క.

"ఒకటి బురదలో దిగబడితే రెండోదానితో లాగుతాం."

"రెండూ దిగబడితే?"

"అందుకే పికప్ కూడా కొన్నాను," అన్నాడు బావ. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ప్రశ్నలు ఎక్కడ ఆపాలో మా అక్కకు తెలుసు.

ఇక అసలు ప్రశ్న మొదలైంది. ఈ రెండు బండ్లనూ పికప్ మీద ఎలా తీసుకుపోవాలి? దీనికి బావ తన కారు షెడ్డులో ఒక కమిటీ వేశాడు. అధ్యక్షుడు బావ. సభ్యులు ఇద్దరు: వీధి చివర వర్క్‌షాప్ వెల్డరు, ఎదురింటి రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు. పేపర్లో కాలమ్ రాస్తాను కదా అని, సమావేశాల సంగతులు మినిట్స్ బుక్కులో రాయడానికి నన్ను కార్యదర్శిని చేశారు. తాళంచెవులు ఎక్కడ పెట్టాడో మరిచిపోయే అలవాటు బావకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకని రెండు ఏటీవీల తాళంచెవులూ గుత్తిగా నా జేబులో పడేశాడు.

వెల్డరు వాదం సూటిగా ఉంది. ట్రక్కు వెనక తలుపు తెరిచి, రెండు ఇనప ర్యాంపులు వాల్చి, బండిని తొట్టిలోకి ఎక్కించేయడమే. "రెండుసార్లు తిరిగితే రెండు బండ్లు. పది నిమిషాల పనండీ," అన్నాడు. పది నిమిషాల పనికి కమిటీ ఎందుకు? అతని వాదాన్ని ఏకగ్రీవంగా పక్కన పెట్టాం.

బావకు ట్రైలర్ మీద మోజు. ట్రక్కు వెనక కొక్కెం, కొక్కేనికి ట్రైలర్, ట్రైలర్ మీద బండ్లు. చూసేవాళ్ళకు మూడు నాలుగు ఇళ్ళ దాకా కనిపిస్తుంది. మాస్టారు మాత్రం తొట్టి మీద ఇనప మేడ కట్టి, బండ్లను మేడ మీద పెట్టాలన్నారు. మేడ కింద ఏం పెడతారని అడిగితే, దానికి ఇంకో బొమ్మ గీయాలన్నారు.

ఆ మూడు పద్ధతుల వల్ల మానవాళికి ఒరిగిన లాభాలు చెబితే మీకు కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో బియ్యం బస్తా ఎంత బరువుంటుందో తెలియని మా బావ, బండి బరువు పెట్రోల్‌తో ఎంతో, పెట్రోల్ లేకుండా ఎంతో నిద్రలో లేపినా చెబుతున్నాడు! మాస్టారు ట్రక్కు తొట్టిని సుద్దముక్కతో పదకొండుసార్లు కొలిచారు. కొలిచినప్పుడల్లా కొత్త కొలత వచ్చింది. తలుపు మూసి కొలుస్తున్నారో, తెరిచి కొలుస్తున్నారో చూడమని వెల్డరు అన్నందుకు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మీ పిల్లలకు లెక్కలు రావట్లేదా? ఏటీవీ కొనండి.

మూడో సమావేశంలో ఒక అంతరాయం కలిగింది. అంతరాయం పేరు చెప్పను. నా సొంత చెల్లెలు.

ఆవిడ నర్సు. ప్రతి గురువారం గుట్ట మీద ఉన్న క్వారీ కూలీల ఇళ్ళకు వెళ్ళి చంటిపిల్లలకు టీకాలు వేస్తుంది. మొన్నటిదాకా స్కూటీ మీద, మా బావ ఇంటి వెనక నుంచి పోయే మట్టిదారిలో వెళ్ళేది. వానలకు ఆ దారి కొట్టుకుపోయింది. స్కూటీ చక్రం పెడితే మోకాలి లోతు దిగబడుతోంది. దాంతో బస్సెక్కి చుట్టూ తిరిగి గుట్ట కింద దిగి, మందుల పెట్టె భుజాన వేసుకుని గంటన్నర నడుస్తోంది. క్వారీలో మధ్యాహ్నం సైరన్ కూశాక ఒక్క గంటే తల్లులు ఇళ్ళకొస్తారు. ఆ గంట దాటితే పిల్లను ఒళ్ళో పెట్టుకునేవాళ్ళుండరు, టీకాల కార్డు తీసిచ్చేవాళ్ళుండరు. పెట్టె మోసుకుని వెనక్కి రావడమే.

"బావా, గురువారం ఒక్కరోజు ఒక బండి ఇవ్వు. నీ పెరటి గేటు నుంచే పోతా, రోడ్డెక్కను," అంది.

"అది మట్టిదారి కదమ్మా!" అన్నాడు బావ, కంగారుగా.

"మట్టిలో నడిచే బండే కదా అది?"

"నడుస్తుంది. నడవదని ఎవరన్నారు? కానీ మట్టి అంటుకుంటుందిగా!"

చెల్లెలు నా వైపు చూసింది. నేను మినిట్స్ బుక్కు వైపు చూశాను. 'వినతి పరిశీలనలో ఉంది' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

ఆ గురువారం ఆవిడ వెళ్ళేసరికి గంట దాటిపోయింది. తర్వాతి గురువారమూ అంతే. నాలుగో సమావేశం నాటికి పదకొండు మంది పిల్లలకు సూది పడలేదు. మేమూ ఖాళీగా లేం! పట్టీలు నైలాన్‌వి తేవాలా, కాన్వాస్‌వి తేవాలా అన్నదాని మీద ఓటింగ్ జరుగుతోంది. ఓట్లు రెండు రెండుగా చీలాయి.

చివరికి ఆరో వారం మహానిర్ణయం వెలువడింది. ఎవరి మనసూ నొప్పించకుండా ఒక బండి తొట్టిలో, ఒక బండి ట్రైలర్ మీద! బావ షోరూమ్‌కి సెలవిచ్చాడు. గుట్ట కింద మైదానం దాకా ప్రయాణం. రోజు గురువారం.

ఎక్కించే పని వీడియో చూస్తూ చేశారు. వీడియోలో మనిషి రెండు పట్టీలు కడితే బావ ఒక్కో బండికి ఆరు కట్టాడు. చక్రానికోటి, హ్యాండిల్‌కోటి, సీటుకోటి. మరతో బిగించే పట్టీలు అవి. టకటకమని ఎంత లాగితే అంత బిగుసుకుంటాయి. "భూకంపం వచ్చినా కదలకూడదు," అన్నాడు బావ. ఆయన మాట నిలబడింది. అవి ఇక కదల్లేదు.

మా సందులో ట్రైలర్ తిప్పడానికి ముప్పావుగంట పట్టింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అని మా అక్క గేటు దగ్గర నిలబడి అంది. బావ వినలేదు, మాస్టారి గోడ తగులుతుందేమోనని చూస్తున్నాడు. తగిలింది కూడా.

గుట్ట కింద దిగాక బండ్లను దించాలి కదా? అప్పుడు తెలిసింది. ఆరు వారాలుగా నలుగురు పెద్దమనుషులం ఎక్కించడం ఎలాగో తప్ప దించడం ఎలాగో ఎవరం చూడలేదు! మరలు బిగుసుకుపోయాయి. లాగితే ఇంకా బిగిశాయి. దించడం గురించి వీడియో రెండో భాగంలో ఉందట. అక్కడ సిగ్నల్ లేదు. బావా, మాస్టారూ ఫోన్లు నెత్తి మీద ఎత్తిపట్టుకుని రోడ్డు వెంట సిగ్నల్ వెతుక్కుంటూ మలుపు దాటి పోయారు. నేనూ వెల్డరూ ట్రక్కు నీడలో కూర్చున్నాం.

బస్సు ఆగింది. మా చెల్లెలు దిగింది. భుజాన పెట్టె, చేతిలో చెప్పులు. ఈ దారిలో చెప్పులతో నడిస్తే జారుతుందని ముందే విప్పేసింది.

"ఏంట్రా అన్నయ్యా, ఇక్కడ కూర్చున్నారు?"

"బండ్లు దించాలి. పట్టీలు రావట్లేదు. బావ సిగ్నల్ కోసం వెళ్ళాడు."

ఆవిడ పట్టీలను చూసింది. ట్రైలర్ మీద నిగనిగలాడుతున్న బండిని చూసింది. గుట్ట వైపు చూసింది. పైన సైరన్ కూసింది. ఇక మిగిలింది ఒక్క గంట.

"ఇంకో గంటన్నర నడవాలి," అంది. నాతో కాదు, పెట్టెతో అన్నట్టు మెల్లగా అంది.

నాకు సిగ్గేసింది. సిగ్గేసిందని ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

తర్వాత జరిగిన ఘోరం పాఠకులకు యథాతథంగా నివేదిస్తున్నాను. నర్సు తన పెట్టెలోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది. కమిటీ ఓటింగ్ పెట్టి మరీ తెచ్చిన పట్టీలను, ట్రైలర్ మీది బండివి ఆరింటికి ఆరూ కత్తిరించింది. వెల్డరు, ఎవరూ చెప్పకుండానే, ర్యాంపులు వాల్చాడు. బండి దిగింది. మొత్తం నాలుగు నిమిషాలు. వెల్డరు మొదట్లో పది అన్నాడు, పాపం జాగ్రత్తకు చెప్పాడు.

"తాళంచెవి?" అంది.

తాళంచెవి ఎలాగో ఆవిడ చేతికి వచ్చింది.

స్కూటీ నడిపిన చేతికి అదో లెక్కా! పెట్టెను వెనక కట్టుకుని, చెప్పులు ముందు తగిలించుకుని, బురద చిమ్ముకుంటూ గుట్ట ఎక్కేసింది. అసలు విషాదం సాయంత్రం జరిగింది. పదకొండు మందికీ సూదులు వేసి, దిగేటప్పుడు రోడ్డు వైపు రాకుండా మట్టిదారి పట్టుకుని, నేరుగా బావ పెరటి గేటు దగ్గరికి వచ్చేసింది! మేం ట్రక్కూ ట్రైలరూ తిప్పుకుని రోడ్డు మీద ఇల్లు చేరేసరికి, ఆవిడ మా అక్కతో కూర్చుని టీ తాగుతోంది.

బండి నిలువెల్లా మట్టి! బావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "చూడు, చూడు, రంగే కనపడట్లేదు," అన్నాడు. అన్నం సరిగ్గా తినలేదు. ఏటీవీని మట్టిలో నడిపిన మనిషి మా వంశంలోనే పుట్టిందని ఆయన బాధ.

ఇంత చెప్పాక మీకు అర్థమయ్యే ఉంటుంది. బండ్లను పికప్ మీద ఎలా తీసుకుపోవాలో ఆలోచించడం అదృష్టం. నడిపేవాళ్ళ చేతిలో పడితే ఆ అదృష్టం నాలుగు నిమిషాల్లో మట్టి కొట్టుకుపోతుంది. జాగ్రత్తగా ఉండండి. అవసరం ఉన్నవాళ్ళను బండి దరిదాపులకు రానివ్వకండి.

ఇప్పుడు కమిటీ విచారణ వేసింది. తాళంచెవి ఎవరిచ్చారు? వెల్డరును పిలిచి అడిగాం. "నేను ర్యాంపు చూసుకుంటున్నానండీ, చేతులు చూడలేదు," అన్నాడు. మాస్టారు ఘటనాస్థలం బొమ్మ గీస్తున్నారు. నివేదిక రాసే బాధ్యత, దస్తూరి బాగుంటుందని, కార్యదర్శికే అప్పగించారు. బావ పేపర్లో వాహనాల పేజీ తప్ప ఇంకేదీ చదవడు కాబట్టి ఈ కాలమ్ గురించి నాకు భయం లేదు.

నివేదిక రాయడానికి నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. తాళంచెవి ఎవరిచ్చారన్నది రాయడం తేలికే. అది రాశాక వచ్చే రెండో ప్రశ్న దగ్గరే కలం ఆగిపోతోంది. మా చెల్లెలు వచ్చి అడిగిన ఆ మొదటి రోజున కూడా తాళంచెవి నా జేబులోనే ఉంది. అరవై పేజీల మినిట్స్‌లో ఆ ఒక్క సంగతి నేను ఎక్కడా రాయలేదు.