పట్టీ ఆటకు వెళ్లింది

ట్యూషన్‌లో కూర్చుని భిన్నాలు కూడుతుండగా రుత్విక కుడి మోకాలు గీసుకుపోయి రక్తం వచ్చింది. కంగారు పడవలసింది ఏమీ లేదు. ఆ సమయంలో ఆమె నడుం పట్టీ పార్కులో ఆడుకుంటోంది. టీచరు డ్రాయరులోంచి కాస్త దూది తీసి ఇచ్చి తర్వాతి లెక్క చెప్పింది.

హనుమకొండలో రుత్విక చదివే బడి పిల్లలందరికీ నడుం పట్టీలు ఉన్నాయి. పిల్ల ఎంతసేపు కూర్చుంది, ఎంతసేపు నిలబడింది, ఎంత పరుగెత్తింది అన్నది పట్టీ కొలిచి బడికి పంపుతుంది. రోజుకు గంట పరుగు లేని పిల్లల్ని కూర్చునే పిల్లల సెక్షన్‌లో వేస్తారు. ఆ సెక్షన్‌కు ఆటల పీరియడ్ ఉండదు, వాళ్లు ఎలాగూ ఆడరు కాబట్టి. బడి, ట్యూషన్, అబాకస్, చేతిరాత క్లాసు పోగా రుత్వికకు ఒక గంట కావాలంటే నిద్రలోంచి తీయాల్సిందే. అందుకని తల్లి స్వరూప, అందరు తల్లుల్లాగే, పట్టీని ఆటల ఏజెన్సీకి అప్పగించింది. బడి వదలగానే ఏజెన్సీ వాళ్లు పట్టీలు తీసుకెళ్లి, ఆడించి, అన్నం వేళకు తెచ్చి ఇస్తారు. పట్టీ ఆడినదంతా పిల్లకే చేరుతుంది. చెమట, రొప్పు, ఆకలి, వానాకాలమైతే కాళ్లకు బురద. బురద చేరకపోతే మర్నాడు ఫిర్యాదు చేసుకోవచ్చు.

స్వరూపకు ఏ ఫిర్యాదూ లేదు. పిల్ల బాగా తింటోంది, పడుకోగానే నిద్రపోతోంది. రుత్వికకే ఒక సందేహం పట్టుకుంది. ఒళ్లంతా ఆడినట్టే ఉంటుంది, కానీ ఎవరితో ఆడిందో ఎంత ఆలోచించినా తట్టదు. బడిలో మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేదు. అపార్ట్‌మెంటులో తన ఈడు పిల్లలు ఉన్నారని వినడమే గానీ ఒక్కరి ముఖం కూడా ఎరగదు. పాపం, ఆ పిల్లకు ఒక్క తోడు కావాలి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

"మమ్మీ, నేను రోజు ఎవరితోని ఆడుతున్న?" అని అడిగింది.

"అదంత ఏజెన్సోళ్లు చూసుకుంటరు. నువ్వు హోంవర్క్ చేస్కో."

"ఒక్కసారి పోయి చూసొద్దాం. నాకు దోస్తు ఉన్నదేమో."

స్వరూప రేపు మాపు అంటూ దాటవేసింది. ఒకరోజు చేతిరాత సారుకు జ్వరం రావడంతో, ఇక తప్పక కూతుర్ని ఎక్కించుకుని స్కూటీ తీసుకెళ్లి పార్కు ముందు ఆపింది.

పార్కులో ఒక్కతే మనిషి ఉంది. ఏజెన్సీలో పనిచేసే కొమురమ్మ. యాభై దాటిన మనిషి, చీర ఎగ్గట్టి, నడుం నుంచి చంకల దాకా ముప్పై పట్టీలు బిగించుకుని గడ్డి చుట్టూ పరుగెడుతోంది. మొదట్లో ఏజెన్సీ పదిమందిని పెట్టింది. వాళ్లు మధ్యలో ఆగి కొట్లాడుకునేవారు, కబుర్లలో పడేవారు, పరుగు తగ్గిపోయేది. పట్టీ పరుగును కొలుస్తుంది గానీ తోడును కొలవదని తేలాక ఒక్కరు చాలనుకున్నారు.

"నువ్వొక్కదానివే ఆడుతవా అవ్వా?" అని అడిగింది రుత్విక, ఆమె పక్కనే నడుస్తూ.

"ఒక్కదాన్నే బిడ్డా."

"నీకు అలుపు రాదా?"

"నాకెందుకొస్తది, మీకొస్తది గదా. నాకు ఆకలై ఏండ్లాయె," అంది కొమురమ్మ. ఆమె మోకాళ్ల మీద చిన్న గీత కూడా లేదు.

"నేను గూడ ఆడనా?"

"ఆడు. నీ పట్టీ నా మీదున్నది, లెక్కకు రాదు మల్ల."

స్వరూప గేటు దగ్గర ఫోన్ చూసుకుంటోంది. రుత్విక చెప్పులు విడిచి కొమురమ్మ వెంట పడింది. ఎన్నడూ పరుగెత్తని పిల్లే అయినా కాళ్లకు అలవాటు ఉంది. రెండు చుట్లు తిరిగేసరికి అందుకుంది. ఆమె వీపు మీద అరచెయ్యి వేసి, "దొరికినవ్" అంది.

అప్పుడే ఎవరో తన వీపు మీద చెయ్యి వేశారు. వెచ్చటి చెయ్యి. రుత్వికకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. నవ్వుతూ వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు.

"అది నీ చెయ్యే బిడ్డా," అంది కొమురమ్మ, పరుగు ఆపకుండానే.

ఊళ్లో, కొమురమ్మ ఒంటి మీదున్న తక్కిన పట్టీల పిల్లలు కూడా పుస్తకాల మీంచి తలెత్తి వెనక్కి చూశారు. కొందరు లేచి వెళ్లి తలుపు తీశారు. కాసేపు నిలబడి, వచ్చి మళ్లీ కూర్చున్నారు.

స్కూటీ ఎక్కాక స్వరూప, "దొరికిందా నీ దోస్తు?" అని అడిగింది.

"దొరికింది."

"ఎవరు?"

"నేనే."

స్వరూప హారన్ కొట్టి ముందున్న ఆటోను దాటింది. తర్వాత, "ఆకలైతుందా?" అంది.

"రోజుటి కన్న ఎక్కువైతుంది."

తల్లి మనసు కుదుటపడింది. ఇంటికి వెళ్లగానే ఏజెన్సీకి ఫైవ్ స్టార్ రేటింగ్ ఇచ్చింది.