బటన్‌కు వైరు లేదు

తొమ్మిదింటికి కూతురి బడికి వెళ్ళి, తన ఉద్యోగమేమిటో రెండో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో చెప్పేసి, పదింటికల్లా సీట్లో ఉండాలన్నది ట్రాఫిక్ సిగ్నళ్ళ ఇంజనీరు గారి ఆ ఉదయపు పథకం. ఆలస్యమైతే కొంప మునుగుతుంది. అక్కర్లేని ఉద్యోగాలు తీసేస్తారని ఆఫీసులో నెల రోజులుగా ఒకటే గుసగుసలు.

"నాన్నా, ఇంట్లో చెప్పినట్టు చెప్పకు. అమ్మకే అర్థం కాదు," అంది కూతురు బూట్లు వేసుకుంటూ.

పాపం, ఆయన ఒళ్ళు దగ్గర పెట్టుకునే చెప్పాడు. సగంమంది పిల్లలను కార్లు చేశాడు, సగంమందిని రోడ్డు దాటించాడు, తానే సిగ్నలై నిలబడ్డాడు. తరగతి ఇట్టే పట్టేసింది. అంతలో ఓ గడుగ్గాయి చెయ్యెత్తింది.

"రోడ్డు దాటడానికి స్తంభం మీద బటన్ నొక్కుతాం కదా, నొక్కితే కార్లు తొందరగా ఆగుతాయా?"

"లేదమ్మా. అన్నీ టైమరే చూసుకుంటుంది. ఆ బటన్‌కు అసలు వైరే లేదు. నొక్కితే జనం కాస్త ఓపిగ్గా నిలబడతారని పెట్టాం, అంతే."

చప్పట్లే చప్పట్లు. కూతురి మొహం చేటంత అయింది.

సాయంత్రానికి ప్రతి కూడలిలోనూ ఓ బుడత "నొక్కకు అమ్మమ్మా, వైరు లేదు" అంటూ తేల్చేసింది. మర్నాటికి ఊరంతా పాకింది. నొక్కేందుకు ఏమీ లేకపోయేసరికి నిలబడే ఓపికా పోయి, జనం ఎక్కడపడితే అక్కడ రోడ్డుకు అడ్డంపడ్డారు. ఇంజనీరు గారి పై అధికారి కారు గంటన్నర ఇరుక్కుపోయింది. ఏమైందోనని అద్దం దించితే, ఓ బామ్మగారు జాలిపడి వైరు సంగతి ఆయనకూ బోధించింది.

"నా ఆఫీసు సంగతి ఎవరో బామ్మగారు నాకు చెప్పాలా?" అని మండిపడ్డాడు అధికారి.

"పదేళ్ళుగా రిపోర్టుల్లో రాస్తూనే ఉన్నాను సార్."

"రాశారయ్యా! నాకర్థమై చస్తేగా! పిల్లలకు చెప్పినట్టు చెప్పండి."

ఇంజనీరు బల్లమీది పెన్నులూ గుండుసూదుల డబ్బా అటూ ఇటూ జరిపి ఐదు నిమిషాల్లో చెప్పేశాడు. అధికారికి మొత్తం అర్థమైంది. అర్థమైన కొద్దీ మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"అన్నీ టైమరే చేస్తే... మీరేం చేస్తారు?"

తేటగా చెప్పడం అప్పటికే అలవాటైపోయింది. "ఏడాదికి రెండుసార్లు టైమర్ మారుస్తాను సార్."

"మరి నేను?"

"సంతకం పెడతారు సార్."

అధికారి లేచి తలుపు గడియ వేసి వచ్చాడు.

"పైవాళ్ళు వివరణ అడిగారు. వాళ్ళకీ ఇలాగే చెప్పారంటే మనిద్దరమూ ఇంటికే. మీ పాత పద్ధతిలో రాయండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఇంజనీరు గారు ప్రాణాలు ఉగ్గబట్టుకుని 'పాదచారి ప్రేరిత విరామ సంకేత వ్యవస్థలో అనుసంధాన రాహిత్యం' అనే పేరుతో నలభై పేజీలు రాసి పంపాడు. మూడో రోజుకే జవాబు వచ్చింది: "విషయాన్ని ఇంత స్పష్టంగా వివరించినందుకు అభినందనలు. పని భారం దృష్ట్యా మీ విభాగానికి మరో ఇద్దరు ఇంజనీర్లను కేటాయిస్తున్నాం."