ఒట్టుకు అంటుకోని కర్పూరం

తొమ్మిదింటి బస్సుకు కోరుట్ల వెళ్లాలి. అక్కడ బావమరిది కొత్త ఇంటి దావత్. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు నడిపే దేవయ్య పొద్దున్నే షెడ్డుకు తాళం వేసి హుషారుగా ఇల్లు చేరాడు. గుమ్మంలోనే భార్య లీల ముక్కు ఎగబీల్చింది.

"కల్లు వాసనొస్తంది. మల్ల తాగినవా?"

డాక్టరు దేవయ్యకు కల్లు, లీలకు తీపి ఒకే పూట బంద్ చేసి నలభై రోజులైంది. ఆ నలభై రోజులు తన నాలుక పడిన యాతన ఆయనకే తెలుసు.

"తాగలేదే! కల్లు గీసే సాయిలును బండెక్కించుకున్న. గుంతల కాడ ఆయన కల్లు లొట్టి ఒలికి నా ఈపంత తడిసింది."

"ఈపు తాగితె మాటెందుకు తడవడ్తంది?"

"నిన్ను జూసి!"

"అయితె కర్పూరం ఆర్పి ఒట్టెయ్. లేకుంటె మా తమ్మునింటికి నేనొక్కదాన్నే పోత."

వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి అబద్ధమాడటం వాళ్ల ఇంటావంటా లేదు. దేవయ్య ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. చూపు సరిగా ఆనని తల్లి మొగిలవ్వ దేవుని పటం వెనక తడిమి, దొరికిన డబ్బాలోంచి ఒక తెల్ల బిళ్ల తీసి పళ్లెంలో పెట్టింది.

ఆ డబ్బా చూడగానే లీల ముఖం మారిపోయింది. "పోనీలే అత్తా, నమ్మిన. బస్సుకు టైమైతంది."

ఆ జాలి దేవయ్యకు చురుక్కున తగిలింది. "ఒట్టేసినంకనే బస్సు!" అంటూ అగ్గిపుల్ల గీశాడు. బిళ్ల అంటుకోలేదు. ఏడో పుల్లకు దాని అంచు ఎర్రబడి పాకంలా కరిగిందే తప్ప మంట రాలేదు.

గోడ మీదుగా తొంగిచూసిన పక్కింటి రాములవ్వ చెంపలేసుకుంది. "దేవుడు ఒప్పుకుంటలేడు దేవయ్యా. నిజం చెప్పు." ఆమె వెనక ఇంకో నాలుగు తలలు లేచాయి.

దేవయ్యకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

"ఒలికినప్పుడు... ఒక్క చుక్క పెదవి మీద పడ్డదేమో..."

"ఒప్పుకుండు!" అని రాములవ్వ వెనక్కి తిరిగి చాటింది.

"ఇగ చాలు, లేవయ్యా!" లీల ఏడుపు గొంతుతో పళ్లెం లాగబోయింది. అప్పటికే మొగిలవ్వ వేలి మీదికి ఏదో పాకింది.

"కొడకా, చీమలురా! యాభై ఏండ్ల సంది చీమలు రావద్దనే కర్పూరం పెడుతున్న. కర్పూరానికి చీమలు పట్టుడేంది?"

దేవయ్య డబ్బాలోంచి ఇంకో బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాడు. తియ్యగా, చల్లగా ఉంది. పిప్పరమెంటు.

"లీలా!" అన్నాడు. ఆ ఒక్క పిలుపులో నలభై రోజుల దాహం పలికింది.

"దినానికి ఒక్కటే తింటున్న. దేవుని ఎనుక ఎవ్వలు జూడరని..." లీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొగిలవ్వ అసలు కర్పూరం వెతికి తెచ్చింది. అది మొదటి పుల్లకే భగ్గుమంది. గోడ మీది తలలన్నీ చూస్తుండగా దేవయ్య దాన్ని ఆర్పి, గర్వంగా ఒట్టేశాడు.

కోరుట్లకు ఇద్దరూ వెళ్లారు. దావత్‌లో ఒకవైపు కల్లు, మరోవైపు జిలేబీలు. ఆయన గ్లాసు మీద ఆమె కన్ను, ఆమె పళ్లెం మీద ఆయన కన్ను. పెళ్లయిన కొత్తలో సైతం వాళ్లిద్దరూ ఒకరినొకరు అంత దీక్షగా చూసుకోలేదు.