ముళ్ళు కట్టేసిన శాంతి సంఘం

ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం పొద్దున ఆరుంబావుకు, ఏదుపంది సూరమ్మ ఒళ్ళు విదిలించి ముళ్ళు దులుపుకుంది. ఎప్పటిలాగే వాగులోకి దిగి, చెలమ పక్కనున్న రాయి మీద కూర్చుంది.

వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్విన ఆ ఒక్క చెలమే అటు జింకలకూ ఇటు అడవిపందులకూ దిక్కు. రెండు మందలకూ పడదు. నీళ్ళ దగ్గర కొట్టుకుంటే ఆ గోల విని పులి వస్తుంది. వచ్చాక ఎవరిది న్యాయమని అడగదు, ఎవరు దగ్గరగా ఉన్నారో చూస్తుంది.

అందుకని సూరమ్మా, ఆమె తోడికోడళ్ళిద్దరూ వంతులవారీగా మధ్యలో కూర్చుంటారు. ముళ్ళు నిక్కబొడుచుకుని కూర్చోవడమే పని. "ముందు పిల్లలు, తర్వాత ముసలాళ్ళు, ఆఖర్న మాటకారులు" అన్నదొక్కటే నియమం. మూడు వేసవులుగా పులికి ఆ వాగులో ఒక్క పూట భోజనం దొరకలేదు.

ఈ ఏడు చిక్కొచ్చింది. పొద్దస్తమానం కాపలా కూర్చుంటే గడ్డలు తవ్వుకునే తీరిక ఉండదు. మందలు తెచ్చిపెట్టే గడ్డలు కరువుకి తగ్గిపోయాయి. చిన్న తోడికోడలు ఆకలికి రాయి మీద నుంచి తూలిపడింది.

"దూరదేశపు కొంగలు శాంతి సంఘాలకు గింజలిస్తాయట అక్కా," అంది లేస్తూ.

సూరమ్మ వెళ్ళి అడిగింది. పెద్ద కొంగ మెడ వంచి చూసింది.

"మీకు రిజిస్ట్రేషన్ ఉందా?"

"రాయి ఉందండి."

"రాయి చాలదు. రిజిస్టరైన పెద్ద సంఘమేదైనా మిమ్మల్ని తన గొడుగు కిందికి తీసుకోవాలి. గింజలు వాళ్ళకిస్తాం. వాళ్ళు మీకిస్తారు."

అడవిలో అలాంటి గొడుగు ఒక్కటే, వనహిత సంఘం. బయట బోర్డు, లోపల తేనె వాసన. దాన్ని నడిపేది ఎలుగుబంటి గంభీరరావు గారు. కార్యదర్శి ఉడుము. పట్టుకుంటే వదలదని పేరు.

"రామ్మా సూరమ్మా!" అన్నారు గంభీరరావు గారు. "మీలాంటి బక్కజీవాల కోసమే కదా మేం ఇంత లావయ్యాం!"

ఉడుము షరతులు చెప్పింది. "గింజల్లో అయిదోవంతు మా నిర్వహణ ఖర్చు. చెలమ దగ్గరి రాయి ఇకనుంచి సంఘం ఆస్తి. మీరు మా ప్రాజెక్టు."

"కూర్చునేది మేమే కదా?"

"కూర్చునేది మీరే. కూర్చున్నామని చెప్పుకునేది మేం."

సూరమ్మకు తోడికోడలు తూలిపడటం గుర్తొచ్చింది. తలూపింది.

"ఇంకొక్క మాట," అంది ఉడుము. "ఆ ముళ్ళు. శాంతి సంఘానికి ఆయుధాలేమిటమ్మా? గొడుగు కింద ఉన్నవాళ్ళ ఒంటి మీద పదునైనదేదీ ఉండకూడదు. మా గౌరవాధ్యక్షుల వారు స్వయంగా పెట్టిన నియమం."

"ఆయుధాలేంటయ్యా, నా ఒంటి మీద వెంట్రుకలు."

"కొంగలు చూస్తే బాగోదు. వాళ్ళొచ్చిన రోజైనా తీగలతో కట్టేసుకోండి."

గౌరవాధ్యక్షుల వారెవరో సూరమ్మ అడగలేదు. అడవిలో ఎవరూ అడగరు.

గింజలొచ్చాయి. అయిదోవంతు ఖర్చుకి పోయింది. మిగిలినదాంట్లో సగం 'మధ్యలో కూర్చోవడం ఎలా?' అన్న శిక్షణ శిబిరానికి పోయింది. ఆ శిబిరంలో సూరమ్మ కూర్చోవడానికి చోటు దొరక్క వెనక నిలబడింది.

కొంగలు తనిఖీకి వచ్చిన రోజున, రాయి సంఘానిది కనక గంభీరరావు గారే దాని మీద కూర్చున్నారు. ముళ్ళకు తీగలు చుట్టుకుని ఏదుపందులు ముగ్గురూ పక్కన నిలబడ్డారు.

పందుల పెద్ద కోరలయ్య ఆగి చూశాడు. "ఇదేంటి సూరమ్మత్తా, సంతకి కట్టిన మూటలా ఉన్నావు?"

"ఊరుకో అల్లుడూ, పెద్దాళ్ళొచ్చారు."

గంభీరరావు గారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా! అసలు నీరు అంటే ఏమిటి?"

"అది మాకు తెలుసు బాబూ, కాస్త జరిగితే తాగుతాం," అంది జింక చుక్కమ్మ. దాని కూన నాలుక బయటపెట్టి నిలబడి ఉంది.

ఎండ నడినెత్తికొచ్చింది. ప్రసంగం ఇంకా నీటి చరిత్రలోనే ఉంది. కూన ఆగలేక చెలమలో మూతి పెట్టింది. పందిపిల్లలు దాన్ని తోశాయి. జింకల్లోంచి ఒక దుప్పి కొమ్ము విసిరింది. కోరలయ్య మధ్యలోకి చూశాడు. ముళ్ళు లేవు. దూకాడు.

ఆపైన దుమ్మే. గంభీరరావు గారు చెలమలో బోర్లా పడ్డారు. పై నుంచి చూస్తే పరిస్థితి బాగా అర్థమవుతుందని కొంగలు గాల్లోకి లేచాయి.

గట్టు మీద పులి కనిపించింది.

మందలు చెరో దిక్కుకు పరుగెత్తాయి. కూన కాలు మాత్రం తడి ఇసుకలో దిగబడిపోయింది.

"సూరమ్మా!" చుక్కమ్మ కేక పెట్టింది.

తోడికోడళ్ళు సూరమ్మ తీగలు పళ్ళతో కొరికి తెంపారు. ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచాయి. ఏదుపంది కొట్టేది వెనక్కి నడిచే కదా! సూరమ్మ గబగబా వెనక్కి నడిచింది. దారిలో గంభీరరావు గారి పిరుదులో ఒక ముల్లు దిగింది. కూన మీదికి చాచిన పులి కుడి పంజాలో నాలుగు దిగాయి.

పులి కుంటుతూ వెనుదిరిగింది. పోతూ పోతూ గంభీరరావు గారి వైపు చూసింది. అప్పజెప్పిన పని చెడగొట్టిన నౌకర్ని యజమాని చూసే చూపు అది. సూరమ్మకు వింతగా అనిపించింది కానీ ఆలోచించే తీరిక లేదు. కూన కాలు ఇసుకలోంచి తియ్యాలి.

పదునైన వస్తువులు వాడినందుకు శాంతి సంఘానికి గింజలు ఆగిపోయాయి. హింసకు గురైన గంభీరరావు గారి వైద్యానికి మాత్రం రెట్టింపు ఇచ్చారు.

మరుసటి పొద్దున సూరమ్మ వచ్చేసరికి రాయి మీద పెద్ద గడ్డ ఉంది, కోరగాటుతో. పక్కన గుప్పెడు ఇప్పపూలు, జింకలు తెచ్చినవి.

కొన్నాళ్ళకు తీతువు వచ్చి వాలింది.

"సంగతి విన్నావా సూరమ్మక్కా? వనహిత సంఘానికీ సొంత రిజిస్ట్రేషన్ లేదట. అదీ ఇంకొకరి గొడుగు కిందే ఉందట."

"ఎవరిది?"

"వాళ్ళ గౌరవాధ్యక్షుల వారిదే. పాపం ఒంట్లో బాగోలేదు. కుడి పంజాకి కట్టు కట్టుకుని గుహలో పడుకుని ఉన్నారు."

నీతి: కాగితాలు సరిగ్గా ఉంటే పులి కూడా శాకాహారే.